స్తంభంలో ఇద్దరం

నేను ఒక క్వార్ట్జ్ స్ఫటికాన్ని. స్ఫటికం అనగానే మీకు మెడలో వేసుకునే మాలలూ, ధగధగలాడే పూసలూ గుర్తొస్తే దయచేసి వాటిని పక్కన పెట్టండి. నేను చింతగింజంత రేకు డబ్బీలో ఉంటాను. డబ్బీ అడుగున రెండు తీగ కాళ్లు. అవి నడవడానికి కాదు, ఎవరైనా ఎక్కడైనా అతికిస్తే నిలబడడానికి. మూత వేసి సీలు కొట్టేశాక నా మొహం ఎవరూ చూడలేదు. నేనూ చూసుకోలేదు.

కొండల్లో పుట్టిన స్ఫటికాలు వేరే ఉన్నాయి. వాటికి వంశగౌరవం ఎక్కువ. నేను పుట్టింది ఒక ఉక్కు కుండలో. అడుగున ముడిరాయి వేసి, పైన విత్తనంలాగా చిన్న పలుకు ఒకటి వేలాడదీసి, క్షారం కలిపిన నీళ్లు పోసి, మూత బిగించి వారాల తరబడి ఉడకబెట్టారు. బిర్యానీకి దమ్ము పెట్టినట్టే అనుకోండి, కాకపోతే వీళ్లకి ఓపిక ఎక్కువ. తర్వాత తీసి కోశారు, అరగదీశారు, వెండి పూశారు. ఇంత హింస ఎందుకంటే, కరెంటు తగిలితే వణకడం నా స్వభావం. ఎంత పలచగా ఉంటే అంత వేగంగా వణుకుతాను. సెకనుకు సరిగ్గా ఒక కోటి పది లక్షల యాభై తొమ్మిది వేల రెండు వందల సార్లు వణికేదాకా నన్ను గీకి, ఆ అంకెనే నా డబ్బీ మీద అచ్చు కొట్టారు. మనుషులు పిల్లలకి పుట్టాక పేరు పెట్టి, ఆ పేరుకు తగ్గట్టు బతకమని ప్రాణం తీస్తారు. నాకైతే ముందు పేరు పెట్టి, దానికి సరిపోయేదాకా చెక్కారు.

అలా చెక్కించుకున్నవాణ్ని కోఠీ సందుల్లో ఒక దుకాణం అట్టపెట్టెలో కొన్నాళ్లు పడి ఉండి, చివరికి చీరాల చేరాను. పేరాల వైపు పోయే రోడ్డు మీద కస్తూరి దుకాణం. ఇన్వర్టర్లు, స్టెబిలైజర్లు, మరమగ్గాల మోటార్లు నడిపే బోర్డులు బాగు చేస్తుంది. ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో ఒక కంపెనీలో పనిచేసి, పొద్దున్నే ఒకరికి గుడ్ మార్నింగ్ చెప్పడం తన ఒంటికి పడదని తేల్చుకుని సొంతూరు వచ్చేసిన మనిషి. పొట్టిగా, చురుగ్గా ఉంటుంది. పనిలో పడితే సోల్డరు తీగని చెవి వెనక పెట్టుకుని, అది ఎక్కడ పెట్టానా అని దుకాణమంతా వెతుకుతుంది.

నన్ను ఒక డ్రాయర్లో వేసింది. అక్కడే ఉండి నేను చాలా విన్నాను.

ఒకరోజు కస్తూరి మేనమామ అంకమ్మరావు వచ్చాడు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన బస్సు వెనక నిలబడి 'రైట్' అంటే ఇంజను కంటే ముందు ప్రయాణికులు కదిలేవాళ్లట. ఆ గొంతుతోనే ముప్పై ఏళ్లుగా పద్యనాటకాల్లో హిరణ్యకశిపుడి వేషం కడుతున్నాడు. వాళ్ల నాట్యమండలికి యజమాని, దర్శకుడు, నాటకం లేని రోజుల్లో కాపలాదారు కూడా ఆయనే.

"బాపట్లోళ్ల స్తంభం చూడాల అమ్మాయ్!" అన్నాడు స్టూలు లాక్కుని. "కరెంటు స్తంభం! గద అట్టా తగలంగానే ఫెళ్లుమని రెండుగా పగిలింది. ఎర్ర లైటు, పొగ, ఉరుము. జనం లేచి నిలబడ్డారు. మనదేమో తాడు కట్టి లాగేది. మొన్న తాడు తెగి, లాగేవోడు ఎనక్కి పడి, వాడి మీద వైకుంఠం తెర పడింది."

"కరెంటు స్తంభం కాదు మావయ్యా, కరెంటుతో తెరుచుకునే స్తంభం. నేను చేసిస్తాలే," అంది కస్తూరి.

ప్లైవుడ్డు స్తంభం, దాని మీద థర్మాకోల్ చెక్కడం. ముందు రెండు తలుపులు. వాటిని మూసి పట్టుకునే అయస్కాంతం గొళ్లెం ఒకటి. లోపల రెండు ఎర్ర హాలోజన్ దీపాలు, ఒక పొగ యంత్రం. వీటన్నిటినీ ఆడించడానికి ఒక చిన్న బోర్డు, దాని మీద మైక్రోకంట్రోలర్ అనే చిప్పు. తెర పక్కన కస్తూరి ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటుంది. అక్కణ్నుంచి స్తంభందాకా తీగ లాగి, దాంట్లో ఒక్కో పనికి ఒక్కో అక్షరం పంపిస్తుంది. దీపం పెంచడానికి ఒకటి, తగ్గించడానికి ఒకటి, పొగకి ఒకటి, తలుపుకి ఒకటి.

బోర్డు తయారుచేసే రోజున నన్ను డ్రాయర్లోంచి తీసింది. వేళ్ల మధ్య పట్టుకుని బోర్డు వైపు చూసింది. చోటు ఇరుకు. "చిప్పులోనే గడియారం ఉంది గదా, ఇదెందుకు?" అని తనలో తనే అనుకుని మళ్లీ డ్రాయర్లో పడేసింది. నిజం చెప్పాలంటే ఆమె తప్పేం అనలేదు. ఆ చిప్పుల కడుపులోనే ఒక గడియారం ఉంటుంది. గేట్లు తెరవడానికీ, బల్బులు వెలిగించడానికీ దివ్యంగా సరిపోతుంది. అయినా నాకు మనసు చివుక్కుమంది. ఒక కోటి పది లక్షల పైచిలుకు సార్లు వణకడం నేర్చుకుని, డ్రాయర్లో కదలకుండా పడుకోవడం ఎవరికైనా కష్టమే.

మొదటి ఆట చేనేత సొసైటీ వార్షికోత్సవంలో. జరిగినదంతా మర్నాడు దుకాణంలో నలుగురూ నాలుగు రకాలుగా చెప్పుకుంటుంటే విన్నాను.

ఆ స్తంభంలో నరసింహుడు యోహాను మాస్టారు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. వేదిక మీద అంకమ్మరావుని అమాంతం ఎత్తి ఒళ్లో పడుకోబెట్టుకోగల తొడలు ఆ చుట్టుపక్కల ఆయనకే ఉన్నాయి కాబట్టి, ఆ వేషం వేరేవాళ్లకి దక్కలేదు. ఆదివారం పొద్దున చర్చిలో పాటలు పాడి, సాయంత్రం సింహం తల పెట్టుకునేవాడు. రెంటికీ ఒకే గొంతు, ఒకే నిష్ఠ.

నాటకం సగానికి వచ్చింది. లీలావతి భర్త దగ్గర కూర్చుని కొడుకు గురించి కన్నీళ్లు పెట్టుకుంటోంది. ఆ విషాదానికి తగ్గట్టు స్తంభం దగ్గర దీపం కాస్త తగ్గిద్దామని కస్తూరి మీట నొక్కింది. దీపం తగ్గలేదు. స్తంభం ఫెళ్లున తెరుచుకుంది. లోపల నరసింహుడు సింహం తలని చంకలో పెట్టుకుని గోలీసోడా తాగుతున్నాడు.

అంకమ్మరావు ఒక్క క్షణం చూశాడు. "ఎవడురా నీవు? ద్వారపాలకుడవా? తలుపు వేసుకొనుము!" అని గర్జించాడు.

"చిత్తం మహారాజా," అని యోహాను మాస్టారు సోడా సీసాతో సహా తలుపులు లోపలికి లాక్కున్నాడు. ఈలలు ఆగడానికి చాలాసేపు పట్టిందట.

కస్తూరి ఆ రాత్రే ప్రోగ్రామంతా మళ్లీ చదివింది. తప్పు లేదు. తీగలు మార్చింది. దుకాణంలో స్తంభం నిలబెట్టి వందసార్లు నొక్కితే వందసార్లూ చెప్పినట్టే చేసింది. "ఎక్కడో లూజు కనెక్షను, మావయ్యా. ఇంక రాదు," అని మాటిచ్చింది.

రెండో ఆట పర్చూరులో. ఈసారి స్తంభం ముందుగా తెరుచుకోలేదు. అసలు తెరుచుకోలేదు. ప్రహ్లాదుడు ఉన్నాడన్నాడు, తండ్రి గద ఎత్తి కొట్టాడు. ఏం లేదు. మళ్లీ కొట్టాడు. థర్మాకోల్ రాలింది. మూడోసారి కొట్టాక లోపలినుంచి, "నేను తొయ్యలేకపోతన్నా, మీరే లాగండీ!" అని నరసింహుడి గొంతు వినిపించింది. అంకమ్మరావు గద పక్కన పెట్టి, రెండు చేతులా తలుపు పీకి, తనని చంపాల్సినవాణ్ని తనే చెయ్యి పట్టుకుని బయటికి లాగాడు. ఆ మర్యాదకి జనం చప్పట్లు కొట్టారు. అంకమ్మరావుకి ఆ చప్పట్లు ఒంటికి కారం రాసినట్టున్నాయట.

మర్నాడు ముగ్గురూ దుకాణానికొచ్చారు. అంకమ్మరావు, యోహాను మాస్టారు, హార్మోనియం వాయించే పిచ్చయ్య గారు. తెనాలిలో నాటక పరిషత్తు పోటీలు దగ్గరకొచ్చేశాయి. మండలికి చాలా ఏళ్ల తర్వాత పిలుపొచ్చింది.

"మళ్లీ తాడు కడతా," అన్నాడు అంకమ్మరావు కస్తూరి మొహం చూడకుండా.

"తాడైనా, కరెంటైనా నేను ఆ డబ్బాలోకి ఎక్కను," అన్నాడు యోహాను మాస్టారు. "స్కూల్లో పిల్లలు నన్ను చూసి తలుపేసుకొనుము అంటన్నారు."

"దిష్టేమో. గుమ్మడికాయ కొడదాం," అన్నారు పిచ్చయ్య గారు.

నేను డ్రాయరు సందులోంచి కస్తూరి చేతులే చూస్తున్నాను. సోల్డరు తీగని చుట్టి, విప్పి, చుట్టింది. చివరికి, "ఆదివారం మధ్యాహ్నం షెడ్డుకి రండి. గుమ్మడికాయ కూడా తెచ్చుకోండి, కాదనను. కానీ ముందు స్తంభంలో నేను కూర్చుంటా," అంది.

అన్నట్టే కూర్చుందని తర్వాత దుకాణంలో వాళ్లు చెప్పుకుంటే విన్నాను. మండలి సామానంతా ఉండే రేకుల షెడ్డులో, స్తంభంలో చిన్న పీట వేసుకుని, ఒళ్లో ఇంకో ల్యాప్‌టాప్ పెట్టుకుని తలుపులు వేయించుకుంది. బయట పిచ్చయ్య గారు మీట నొక్కి ఏం నొక్కిందీ గట్టిగా చెప్పాలి, లోపల చిప్పుకి ఏం చేరిందో ల్యాప్‌టాప్‌లో చూసి ఆమె చెప్పాలి.

"దీపం!" "దీపం వచ్చింది." "పొగ!" "పొగ వచ్చింది." "దీపం!" "వచ్చింది."

అరగంట గడిచింది. హాలోజన్లు వెలుగుతూనే ఉన్నాయి. లోపల ఇడ్లీ పాత్రలా ఉంది. పిచ్చయ్య గారికి విసుగొచ్చి ఆ కేకలకి రాగం కూడా కట్టారు. "దీఈఈపం!"

లోపల ల్యాప్‌టాప్ మీటలు టకటకలాడాయి. తర్వాత, "ఇప్పుడు ఏం నొక్కారండీ?" అంది కస్తూరి.

"దీపమేనమ్మా."

"నాకు దీపం రాలా. మన భాషలో లేని అక్షరమేదో వచ్చింది. మళ్లీ నొక్కండి."

నొక్కారు. తలుపులు ఫెళ్లున తెరుచుకున్నాయి. పీటతో సహా కస్తూరి బయటికొచ్చి పడింది. చెమటతో తడిసి ముద్దయి ఉంది, మోచెయ్యి దోక్కుపోయింది, కానీ మొహం వెలిగిపోతోంది.

"ఒక పుల్లైసు తెప్పించండి!" అంది.

"పాపం, దప్పికైనట్టుంది," అని అంకమ్మరావు స్వయంగా వెళ్లి నాలుగు తెచ్చాడు. ఆమె దాన్ని తినలేదు. ప్లాస్టిక్ కవరులో చుట్టి చిప్పు మీద పెట్టింది. దీపమంటే దీపం, పొగంటే పొగ. తర్వాత ప్రహ్లాదుడి వేషం వేసే పద్మజ మేకప్ పెట్టెలోంచి జుట్టు ఆరబెట్టుకునే యంత్రం అడిగి తీసుకుని అదే చిప్పు మీద వేడిగాలి కొట్టింది. దీపమంటే పొగ. పొగంటే ఏమీ లేదు. మళ్లీ ఐసు, మళ్లీ సరి.

"దిష్టి కాదండీ," అంది. "గడియారం."

అంకమ్మరావు తన చేతి గడియారం చూసుకున్నాడు.

"అది కాదు మావయ్యా. పిచ్చయ్య గారు ఇక్కడ వాయిస్తన్నారు, తబలా ఆయన పక్కూళ్లో ఉన్నాడనుకో. ఒకరికొకరు కనపడరు, వినపడరు. ముందే ఇద్దరూ ఒక తాళం ఒప్పుకుని, ఎవరి మనసులో వాళ్లు లెక్కపెట్టుకుంటా వాయించాల. ఆ తీగలో అక్షరాలు పోయేది కూడా అట్టాగే, ఒక్కో అక్షరం కొన్ని దెబ్బలుగా. నా ల్యాప్‌టాప్ తాళం తప్పదు. ఈ చిప్పు లోపలి గడియారం వేడెక్కేకొద్దీ తాళం తప్పుతంది. కొంచెమే. కానీ అక్షరం చివరికొచ్చేసరికి ఒక దెబ్బ అటో ఇటో అయిపోయి, నేను దీపమంటే దానికి తలుపని వినపడతంది. దుకాణంలో ఏసీ ఉంది, అందుకే నాకు దొరకలేదు."

"తాళం తప్పే తబలా అతన్ని నేనైతే మార్చేస్తా," అన్నారు పిచ్చయ్య గారు.

ముందు ఆమె మార్చలేదు. ఆ లోపలి గడియారాన్నే వేడికి తగ్గట్టు సరిచేసి చూసింది. వేడి మీద బాగానే పనిచేసింది. చల్లారాక తప్పింది. నాటకం చల్లగా మొదలై వేడిగా ముగుస్తుంది కదా, ఏ ఒక్క వేడికో సరిచేస్తే ఎలా? అప్పుడు దుకాణానికొచ్చి నా డ్రాయరు లాగింది.

పక్కనే ఇంకో స్ఫటికం ఉంది, సెకనుకు సరిగ్గా కోటి ఇరవై లక్షల సార్లు వణికేవాడు, ముద్దుగా పన్నెండు అంటారు. గుండ్రని అంకెవాడు, అందగాడు. ముందు వాణ్నే పట్టుకుంది. నా గుండె ఆగింది. నాకు గుండె లేదనుకోండి. తర్వాత కాగితం మీద ఏదో భాగాహారం చేసి వాణ్ని వదిలేసింది. ఆ తీగ మీద అక్షరాలు పోయే వేగానికి చిప్పు చేసుకునే లెక్కలో నన్ను భాగిస్తే శేషం సున్నా. పన్నెండుకి చిన్న ముక్క మిగులుతుంది. నిజానికి ఆ ముక్కతో ప్రమాదమేమీ లేదు. కానీ రెండుసార్లు పరువు పోయిన మనిషి మూడోసారికి ముక్క కూడా మిగల్చదలుచుకోలేదు.

నన్ను బోర్డుకి అతికించి, పెళ్లికొడుకుకి తోడుపెళ్లికొడుకుల్లా అటొకటి ఇటొకటి చిన్న కెపాసిటర్లు పెట్టింది. 'ఇక నీ లెక్క వద్దు, దీని లెక్క విను' అని చిప్పుకి ఆజ్ఞ రాసింది. గద దెబ్బలకి నేను చిట్లకుండా బోర్డు చుట్టూ స్పాంజి కూరింది. కరెంటు వచ్చింది. అన్నాళ్ల తర్వాత మొదటిసారి ఒళ్లంతా వణికాను. ఆ హాయి చెప్పడానికి మీ భాషలో మాటలుండవు, మీరు చలికి తప్ప వణకరు కాబట్టి.

వేడి నాకూ తగులుతుంది. పది లక్షల వణుకుల్లో ఏ పదో ఇరవయ్యో అటూ ఇటూ అవుతాయి. దాన్ని ఏ అక్షరమూ పట్టించుకోదు. ఐసు లేకుండా, గుమ్మడికాయ లేకుండా ఆ వారమంతా రిహార్సళ్లు సాగాయి. స్తంభం ఒక్కసారి కూడా తప్పలేదు. యోహాను మాస్టారు అలక మాని లోపలికొచ్చాడు. సోడా మాత్రం మానేశాడు.

అలా ఆ చీకట్లో మేమిద్దరం కాపురం మొదలుపెట్టాం. ఆయన భుజం పక్కనే నా బోర్డు. బయటివాళ్లెవరికీ తెలియని విషయం ఒకటి నాకు మొదటిరోజే తెలిసింది. అంకమ్మరావు బయట పద్యం ఎత్తుకోగానే, మాస్టారు లోపల పెదాలు కదిపేవాడు. ఒక్క పద్యం కాదు, అన్నీ. ఎక్కడ రాగం తీయాలో, ఎక్కడ ఆపాలో అన్నీ. పన్నెండేళ్లుగా ఆ స్తంభాల్లో నిలబడి ఆయన నేర్చుకున్నది అది.

ఇంకో విషయం కూడా తెలిసింది. ఒక రిహార్సల్లో అంకమ్మరావు ఒక పాదం దాటేసి తర్వాతి పాదంలోకి వెళ్లిపోయాడు. పిచ్చయ్య గారు హార్మోనియంతో సర్దేశారు. ఎవరూ గమనించలేదు. లోపల మాస్టారు మాత్రం వదిలేసిన ఆ పాదాన్ని నోట్లోనే పూర్తిచేసి, కాసేపు ఊపిరి బిగపట్టి నిలబడ్డాడు. ఇంకో రోజు ఇంకో చోట అలాగే జరిగింది. బయటికొచ్చాక ఆయన ఎవరితోనూ ఏమీ అనలేదు. "ఇయ్యాల బాగా వచ్చిందండీ," అన్నాడు అంకమ్మరావుతో. నాకు నోరుంటే ఏం చేసేవాణ్నో తెలియదు.

తెనాలిలో హాలు నిండింది. ముందువరసలో ముగ్గురు న్యాయనిర్ణేతలు, ఒళ్లో అట్టలు. కస్తూరి తెర పక్కన మీట దగ్గర కూర్చుంది. మొదటి రంగంలో దీపం తగ్గమంటే తగ్గింది, పొగ రమ్మంటే వచ్చింది. లీలావతి ఏడుస్తున్నప్పుడు తలుపులు బుద్ధిగా మూసుకునే ఉన్నాయి. స్తంభం లోపల పొయ్యి మీద పెనంలా కాలుతోంది. చిప్పు కాలుతోంది, నేను కాలుతున్నాను. లెక్క మాత్రం చెడలేదు.

ఆఖరి ఘట్టం వచ్చింది. అంకమ్మరావు గద భుజాన వేసుకుని స్తంభం ముందుకొచ్చాడు. ఆ నాటకానికంతటికీ ప్రాణం ఇక్కడి పద్యం. కొడుకు నమ్మిన దేవుణ్ని ఎగతాళి చేస్తూ సాగే నాలుగు పాదాలు. ఆ పద్యం కోసమే జనం ఆయన్ని పిలుస్తారు. మొదటి పాదం ఎత్తాడు. రెండో పాదం చివర రాగం తీశాడు. రాగం పైకెళ్లింది, తిరిగింది, దిగింది. దిగి అక్కడే ఆగింది.

మూడో పాదం రాలేదు.

పిచ్చయ్య గారు శ్రుతి పట్టుకుని కూర్చున్నారు. అంకమ్మరావు మళ్లీ రాగం అందుకున్నాడు. జనం అది గొప్పతనమనుకుని తలలూపారు. రెండోసారి కూడా రాగం దిగి అక్కడే నిలబడింది. ఆయన వీపు కస్తూరి వైపు ఉంది. కిరీటం వెనక కట్టిన పూసలు సన్నగా ఊగుతున్నాయని, ఆయన తల ఊపడం లేదని ఆమె చూసింది.

ఆ క్షణంలో ఏం ఆలోచించిందో తర్వాత తనే పిచ్చయ్య గారికి చెప్పింది. మీట మీద వేలుంది. ఒక్క నొక్కు నొక్కితే స్తంభం పగులుతుంది, ఎర్ర దీపాలు వెలుగుతాయి, పొగ లేస్తుంది. పద్యం సగంలో ఆగిందని ఎవరికీ తెలియదు. మావయ్య పరువు దక్కుతుంది. కానీ మావయ్య పద్యం పోతుంది. ఆయన ఇంత దూరం వచ్చింది ఆ పద్యం కోసం. వేలు తీయలేదు, నొక్కలేదు.

లోపల మాస్టారు పెదాల మీద మూడో పాదం సిద్ధంగా ఉంది. ముందు గొణిగాడు. ప్లైవుడ్డు దాటలేదు. నా వైపు చూశాడు. నా వైపే చూశాడని నేను అనుకుంటాను, అక్కడ వేరే ఎవరూ లేరు. తర్వాత తలుపు సందుకి నోరు ఆనించి, శ్రుతి తప్పకుండా, చర్చిలో నేర్చిన ఆ గొంతుతో, "దాగెనో... దడిసెనో..." అని ఎత్తాడు.

ఆ స్తంభంలో దాగిన దేవుడు, తను భయపడి దాక్కున్నాడా అని తన శత్రువుకి మాట అందించాడు.

అంకమ్మరావు భుజాలు ఒక్కసారి లేచాయి. అందుకున్నాడు. ఆ పాదాన్ని అంత గట్టిగా ఎప్పుడూ పాడలేదని తర్వాత అందరూ అన్నారు. నాలుగో పాదం హాలు కప్పుకి తగిలింది. గద లేచింది, స్తంభం మీద పడింది. ఆ దెబ్బకి స్పాంజిలో నేను అదిరిపోయాను. అదే క్షణంలో తీగ మీద కస్తూరి పంపిన అక్షరం వచ్చింది. ఒక్కో దెబ్బా లెక్కపెట్టి అప్పజెప్పాను. తలుపని వచ్చింది, తలుపనే వినిపించింది. గొళ్లెం వదిలింది. మాస్టారు పొగలోంచి బయటికి దూకాడు. హాలు లేచి నిలబడింది.

ఫలితాలు చెప్పేటప్పుడు ఒక న్యాయనిర్ణేత మైకు పట్టుకుని, "స్తంభం లోపలినుంచి ఆ పాదం ముందుగా వినిపించడం, హిరణ్యకశిపుడి గుండెలోని భయమే అతనికి ప్రతిధ్వనిగా వినబడినట్టు చూపడం అపూర్వమైన ప్రయోగం" అని కళ్లు తుడుచుకున్నారు. ప్రదర్శనకి రెండో బహుమతి, ప్రయోగానికి ప్రత్యేక బహుమతి. అంకమ్మరావు వేదిక మీదికెళ్లి రెండూ అందుకుని, ప్రయోగం గురించి నాలుగు మాటలు చెప్పమంటే "అంతా మాస్టారి దయ" అని దిగొచ్చేశాడు. వినయమనుకుని మళ్లీ చప్పట్లు కొట్టారు.

తిరుగుప్రయాణంలో పొన్నూరు దాటాక వ్యాను టీ కోసం ఆగింది. స్తంభాన్ని వ్యాను వెనక తాళ్లతో కట్టి నిలబెట్టారు, తలుపు కొంచెం తెరిచి ఉంది. అందుకే నాకంతా వినపడింది.

"ఎన్నాళ్ల నుంచి మాస్టారూ?" అన్నాడు అంకమ్మరావు గ్లాసు రెండు చేతుల్లో తిప్పుతూ.

"ఏందండీ?"

"నా పద్యాలు నీ నోటికి రావటం."

"పన్నెండేళ్లు డబ్బాలో నిలబడితే చెక్కకైనా వస్తయ్యండీ," అన్నాడు మాస్టారు. టీ గ్లాసు బెంచీ మీద పెట్టి, "నేను పాడకుండా ఉండాల్సింది. మీరే అందుకునేవోళ్లు," అన్నాడు.

"అందుకునేవోణ్ని కాదు. నీకు తెలుసు. రిహార్సల్లో కూడా తెలుసు." టీ చల్లారిపోయింది. తాగలేదు. "ముందు మాటలు పోయినయ్యి. తర్వాత పేర్లు పోయినయ్యి. పద్యాలు మాత్రం పోవనుకున్నా."

కస్తూరి బెంచీ చివర కూర్చుని ఉంది. లేచి వచ్చి మావయ్య పక్కన కూర్చుంది. ఆయన చేతిలోంచి చల్లారిన గ్లాసు తీసుకుని, వేడిది తెచ్చి పెట్టింది.

"వేషాలు మారుద్దాం," అన్నాడు అంకమ్మరావు ఒక గుక్క తాగాక. "నువ్వు బయటికి రా. నేను లోపలికి పోతా. నరసింహుడికి పద్యం లేదు గదా. అరిస్తే చాలు. అరవటం నాకు రిటైరు కాలా."

"మీరా? మరి నన్ను ఒళ్లో పడుకోబెట్టుకోవాల గదండీ. మీ మోకాళ్లు?"

"అడ్డంగా బల్ల వేయిస్తా మావయ్యా, గడప మాదిరిగా రంగేసి," అంది కస్తూరి వెంటనే. "మాస్టారి బరువు బల్ల మీదే ఉంటది. చూసేవాళ్లకి నీ ఒళ్లో ఉన్నట్టే కనపడతాడు."

"అట్టయితే నేను కొంచెం తగ్గుతాలెండి," అన్నాడు మాస్టారు, ప్లేటులో ఉన్న ఆఖరి బజ్జీ తీసుకుంటూ.

మొన్న చీరాలలో కొత్త వేషాలతో మొదటి ఆట జరిగింది. అంకమ్మరావు సింహం తల పెట్టుకుని, విసనకర్ర పట్టుకుని నా పక్కకొచ్చి నిలబడ్డాడు. ముప్పై ఏళ్లు వేదిక మధ్యలో నిలబడ్డ మనిషికి ఆ ఇరుకు కొత్త. అటూ ఇటూ తడుముకున్నాడు. బోర్డు మీద వెలిగే చిన్న పచ్చదీపం చూసి, "ఇదన్నమాట," అన్నాడు. మీసం సర్దుకున్నాడు, సింహం తలకి మీసం లేదని గుర్తొచ్చి చెయ్యి దించాడు.

బయట మాస్టారు పద్యం ఎత్తాడు. లోపల ఈయన పెదాలు కదిలాయి. ఒక పాదం నడిచింది, రెండో పాదం నడిచింది. మూడో పాదం దగ్గర పెదాలు ఆగాయి. "తర్వాతేంది?" అన్నాడు చీకట్లోకి, చిన్నగా.

బయటినుంచి మాస్టారు గొంతు ఆ పాదాన్ని అందించింది. అంకమ్మరావు ఆ గొంతు వెనకాలే, దాదాపు దానితో పాటే, చివరిదాకా వెళ్లాడు. తప్పిపోయిన చోట ఎవరూ చూడలేదు, ఎవరూ ఎదురుచూడలేదు. విసనకర్ర కింద పెట్టి, ఊపిరి నిండా పీల్చుకున్నాడు.

గద పడింది. అక్షరం వచ్చింది. నేను లెక్కపెట్టాను. తలుపులు తెరుచుకుని, ఆయన ఒక్క అరుపుతో వెలుగులోకి వెళ్లిపోయాడు. మొదటివరసలో ఒక పసిబిడ్డ కెవ్వుమంది.